చందా బుక్కు తిరిగిన వీధులు

ఖిదిర్‌పూర్‌కి ట్రాము రావడం మానేసిన సంగతి చాలామంది రాశారు. రాయదగ్గదే. 1902 మార్చి 27న కలకత్తాలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాము ఎస్ప్లనేడ్‌లో బయల్దేరి వచ్చింది ఖిదిర్‌పూర్‌కే. మా కాలానికి దాని నంబరు 36. మైదానం గడ్డి మధ్యగా, గుర్రప్పందాల ఆవరణ పక్కగా, టాలీ నాలా మీది వంతెన దాటి, గంట కొట్టుకుంటూ డిపోలోకి వచ్చేది. 2020 మే నెలలో ఆంఫన్ తుఫానుకి మైదానంలో చెట్లు కూలి తీగలు తెగాయి. ఆ దారి మళ్ళీ తెరుచుకోలేదు. 2024 సెప్టెంబరులో మైదానం, ఎస్ప్లనేడ్ల మధ్య ఒక్క ముక్క గుర్తుగా ఉంచి మిగతా ట్రాములన్నీ ఎత్తేస్తామని ప్రభుత్వమే చెప్పింది. ఏమైనా ట్రాముకి దిక్కుంది. ఫొటోలున్నాయి, సినిమాలున్నాయి. మెల్‌బోర్న్ ట్రాము కండక్టరు రాబర్టో డిఆండ్రియా పూనుకుని, 1996 నుంచి రెండు ఊళ్ళ ట్రాములకీ బొమ్మలు వేయించి తిప్పిన ట్రామ్‌జాత్రా ఉంది. దాని కోసం బెంగ పెట్టుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు.

ఎవరూ ఫొటో తీయని వస్తువొకటి ఆ వీధుల్లోంచే పోయింది. దుర్గాపూజ చందా రసీదు పుస్తకం.

అరచేతి వెడల్పు, జానెడు పొడుగు. గులాబీరంగు పల్చటి కాగితం. సందులో కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సులో అచ్చయ్యేది. పైన క్లబ్బు పేరు, దాని కింద సంవత్సరం, ఎడంపక్క అమ్మవారి ముఖం బ్లాకు. ఆ బ్లాకు ఏనాటిదో, అరిగి అరిగి మూడో కన్ను ఉన్నచోట ఉత్త సిరామరక పడేది. కొత్త బ్లాకు చేయిద్దామని ఎవరన్నా అంటే, ఆ డబ్బు పెడితే డోలు కొట్టే ఢాకీ ఇంకొకడు వస్తాడని పదిమంది లేచేవాళ్ళు. దాంతో అమ్మవారు ఏటా రెండు కళ్ళతోనే సరిపెట్టుకునేది. చిల్లులు పొడిచిన గీత దగ్గర చించితే కుడి సగం ఇచ్చినవాళ్ళకి, ఎడం సగం పుస్తకంలో. ఎడం సగంలో పేరు, రూపాయలు, పక్కన పెన్సిలుతో ఇంకొక మాట. "వచ్చే జీతం రోజున మిగతాది", "కొడుకు ఊళ్ళో లేడు", "పోయినేడు కూడా ఇంతే" ఇలాంటివి. పేట మొత్తం జాతకం ఆ ఎడం సగాల్లో ఉండేది.

మేముండింది గార్డెన్‌రీచ్ రైల్వే క్వార్టర్సులో. తెలుగువాళ్ళు అంతదూరం ఎందుకు పోయారని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అప్పుడది దూరమనిపించేది కాదు. తూర్పు కోస్తా లైను ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. వాల్తేరులో గార్డు, ఖరగ్‌పూర్‌లో ఫిట్టరు, గార్డెన్‌రీచ్ హెడ్డాఫీసులో గుమాస్తా, ముగ్గురికీ జీతమిచ్చేది ఒకే కంపెనీ. 1955లో పేరు ఆగ్నేయ రైల్వే అయ్యాక కూడా హెడ్డాఫీసు అక్కడే. 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే ఏర్పడి, వాల్తేరు డివిజన్ అందులోకి వెళ్ళాక ఆ రాకపోకలు పల్చబడ్డాయి. మా నాన్నగారి తరం వాళ్ళకి మాత్రం కలకత్తా అంటే పరాయి ఊరు కాదు, ఉద్యోగం ఊరు. ఖిదిర్‌పూర్ మా బజారు. బట్టలకీ, బూట్లకీ, పండగ సరుకులకీ అటే.

అటు వెళ్ళాలంటే ఓడరేవు వంతెన దాటాలి. లోపలికి ఓడ వస్తోందంటే వంతెన పైకి లేచేది. బస్సులు, రిక్షాలు, తోపుడుబళ్ళు, ఎడ్లబళ్ళు ఇటూ అటూ బారులు తీరేవి. పూజ రోజులు దగ్గరపడ్డాక ఆ బారు చూస్తే మా క్లబ్బు కుర్రాళ్ళకి నోరూరేది. వంతెన లేచి ఉన్నంతసేపూ ఎవరూ ఎటూ పోలేరు కదా! ఒక ఏడు లారీ డ్రైవర్ల దగ్గర వసూలు మొదలెట్టారు కూడా. క్లబ్బు పెద్దాయనకి తెలిసి పుస్తకాలు లాక్కున్నాడు. "దారిన పోయేవాడి దగ్గర తీసుకున్నది చందా కాదురా, సుంకం" అన్నాడు. మరునాడు పొద్దున వాడి ముఖం మళ్ళీ మనం చూడాలి, మన ముఖం వాడు చూడాలి, అప్పుడే అది చందా అని ఆయన సూత్రం. ఆ సూత్రం ఎంత గట్టిదో నాకు అప్పుడు తెలియలేదు.

నన్ను ఆ జట్టులో ఎందుకు వేసుకున్నారంటే కాలనీలో మద్రాసీ ఇళ్ళకి మద్రాసీ కుర్రాడు కావాలి. విజయనగరం, పాలక్కాడు, తంజావూరు అన్నీ వాళ్ళ లెక్కలో మద్రాసే. మా పిన్నిగారింటికి తీసుకెళితే, "ఏరా, మనకి కొలువు ఉంది కదా, మళ్ళీ వాళ్ళకెందుకు?" అని తెలుగులో నన్ను నిలదీసి, పక్కనున్న బెంగాలీ దాదాని చూసి నవ్వు తెచ్చుకుని అయిదు రూపాయలు తీసిచ్చేది. ఇచ్చాక మాత్రం అష్టమి రోజున భోగం ఖిచిడీ పంక్తిలో ముందువరసలో కూర్చునేది ఆవిడే. ఖిచిడీలో ఉప్పు తక్కువైందని వంటవాళ్ళని కేకలేసేది కూడా ఆవిడే. రసీదు చేతిలో ఉన్నవాళ్ళకి ఆ హక్కుండేది.

దుకాణాల సంగతి వేరు. 1892లో రేవు తెరిచినప్పటినుంచీ ఖిదిర్‌పూర్ ఏ ఒక్కరి ఊరూ కాదు. ఓడల మీద పనిచేసే ఖలాసీలు, బీహారు కూలీలు, ఒరియా వాళ్ళు, బెంగాలీలు, ఉర్దూ మాట్లాడే ముస్లింలు, మార్వాడీ ఇనప సామాను వాళ్ళు, మేము. ఒకప్పుడు మైకేల్ మధుసూదన్ దత్తు, హేమచంద్ర బందోపాధ్యాయ, రంగలాల్ బందోపాధ్యాయ ముగ్గురు కవులూ ఈ పేటవాళ్ళే కాబట్టి బెంగాలీలు ఇక్కడ ఒక భాగాన్ని కవితీర్థం అంటారు. మాకు మాత్రం ఖిదిర్‌పూర్ అంటే ఫ్యాన్సీ మార్కెట్. విదేశీ సెంటు, గడియారం, టేపురికార్డరు, నైలాన్ చీర, దేశంలో ఇంకెక్కడా దొరకనివన్నీ అక్కడ దొరికేవి. ఎలా వచ్చాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. 1991 తరవాత ప్రతి ఊళ్ళోనూ అన్నీ దొరకడంతో ఆ మార్కెట్టు మోజు పోయింది గానీ, అప్పట్లో అక్కడ దుకాణం అంటే బంగారం.

దుకాణానికి మధ్యాహ్నం వెళ్ళాలి, బేరాలు లేనప్పుడు. ఇంటికి సాయంత్రం వెళ్ళాలి, మగవాళ్ళు ఆఫీసు నుంచి వచ్చి టీ తాగాక. ఈ రెండూ తారుమారైతే సగం కూడా రాదు. మార్వాడీ సేటు ముందు బోణీ కాలేదనేవాడు, తరవాత టీ తెప్పించేవాడు, ఆ తరవాత పోయినేడు పుస్తకం చూపించమనేవాడు. పక్కకొట్టువాడు ఎంతిచ్చాడో చూసి దానికి ఒక్క రూపాయి ఎక్కువ రాయించేవాడు. ఓడలకి సరుకులు వేసే కొట్టువాడు డబ్బివ్వడు, బియ్యం బస్తా భోగానికి పంపేవాడు. దర్జీ డబ్బూ ఇవ్వడు, బియ్యమూ ఇవ్వడు. తానే కోశాధికారిగా ఉంటానని కూర్చున్నాడు, ఎన్నేళ్ళో లేచిందిలేదు.

బట్టల కొట్టాయన పద్ధతి చెప్పి తీరాలి. ఆయన ముస్లిం. రసీదు మీద అమ్మవారి బొమ్మకి సలాం పెట్టి, పేరు రాయొద్దనేవాడు. పందిరి లోపలికి కావలసిన పసుపు, తెలుపు గుడ్డ తానులకి తానులు అరువిచ్చేవాడు. డెకరేటర్ మనుషులు దాన్ని కత్తిరించకుండా కుచ్చెళ్ళు పోసి, వెదుళ్ళకి సూదులు గుచ్చి బిగించేవాళ్ళు. దశమి అయ్యాక విప్పి, మడతపెట్టి తిరిగి ఆయనకే. సూది చిల్లులు పడ్డ ఆ గుడ్డ ఆయన సగం ధరకి అమ్మేవాడు. దీపావళి నాటికి పేటలో సగం ఇళ్ళ కిటికీలకి అదే పసుపు, మంచినీళ్ళ కుండకి వాసెన కట్టిన గుడ్డ అదే తెలుపు. మా అమ్మ లంగాలకి లోపల వేసిన గుడ్డ కూడా అదే. పందిట్లో అమ్మవారి వెనకాల చూసినదాన్ని మళ్ళీ ఏడాది పొడుగునా ఇళ్ళలో చూసేవాళ్ళం. బొమ్మని రేవులో కలిపేసినా పందిరి మాత్రం ఇంటింటికీ పంచినట్టే ఉండేది.

సందుమొదట్లో వెదురు కమాను వేసేవాళ్ళు. దాని మీద రేకుకో గుడ్డకో దుకాణాల పేర్లు. ఆ పేర్లు రాసేది ఒక్కడే పెయింటరు. మిగతా ఏడాదంతా ఆయన దుకాణాల బోర్డులు, లారీల వెనక పూలు, ఎన్నికలొస్తే గోడల మీద పార్టీ రాతలు రాసుకునేవాడు. పూజకి నెల ముందు మాత్రం అన్ని పనులూ పక్కన పెట్టేసేవాడు. సున్నంలో ముంచిన దారాన్ని రేకు మీద లాగి టంగుమనిపిస్తే తెల్లటి గీత పడేది. ఆ గీత మీద కొలతబద్ద లేకుండా బంగ్లా, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ రాసేవాడు. చదవడం వచ్చింది ఒక్క బంగ్లాయే. మిగతావన్నీ ఆయనకి బొమ్మలు.

రేవు గేటు దగ్గర మనవాళ్ళదొక ఇడ్లీ కొట్టుండేది. ఆ కొట్టాయన ఒక ఏడు కమాను మీద తన పేరు తెలుగులో ఉండాలని పట్టుబట్టాడు. నాన్న రైల్వే ఫారం వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. పెయింటరు ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, గుండ్రాలన్నీ కుంచెతో ఒక్క ఊపులో దించేశాడు. 'ఫలహారశాల' అని చక్కగా వచ్చింది. అంతా అయ్యాక, ఏదో వెలితిగా ఉందనిపించిందేమో, బంగ్లా అక్షరాలకి గీసినట్టే తలల మీదుగా ఈ చివరనుంచి ఆ చివరదాకా ఎర్రగీత ఒకటి లాగాడు. తలకట్లన్నీ ఆ గీతకి దండెం మీద బట్టల్లా వేలాడుతున్నాయి. నాన్న చూసి తల పట్టుకున్నారు. తుడిపించమన్నారు. కొట్టాయన వద్దన్నాడు. "ఉండనీండి బాబూ, ఈ ఊరి గాలి సోకింది" అని నవ్వేశాడు. పూజ అయిపోయాక ఆ రేకు తీసుకెళ్ళి కొట్టు మీదే తగిలించుకున్నాడు. ఎన్నో ఏళ్ళు ఉందది. కొట్టు ఎత్తేసిన తరవాత ఏమైందో!

దీపాలు చందన్‌నగర్ నుంచి వచ్చేవి. హుగ్లీ జిల్లాలో ఆ ఊరు జగద్ధాత్రి పూజకీ దీపాలకీ పెట్టింది పేరు. శ్రీధర్ దాస్ లాంటి పనివాళ్ళు ఆ కళని దేశం దాటించారు. ఇప్పటి ఎల్ఈడీ తెరలు చూసినవాళ్ళకి ఆ పాత పలక ఎలా పనిచేసేదో చెబితే నమ్మరు. వెదురుబద్దల చట్రం మీద టార్చిలైటు బల్బులంతటి చిన్న బల్బులు వందలకి వందలు. ఒక్కోదానికీ రంగు కాగితం చుట్టి ఉంటుంది. వెనకాల చెక్కతో చేసిన రోలరు ఒకటి చిన్న మోటారుకి తిరుగుతూ ఉంటుంది. దాని ఒంటి మీద రాగి రేకు ముక్కలు ఒక లెక్క ప్రకారం అతికించి ఉంటాయి. రోలరు తిరుగుతుంటే రాగి తగిలిన తీగకి కరెంటు పారుతుంది, తగలని తీగకి ఆగుతుంది. ముందువైపు నుంచి చూస్తే చేప ఈదుతుంది, రాకెట్టు ఎగురుతుంది, గవాస్కర్ బ్యాటు తిప్పుతాడు. వెనక్కి వెళితే టకటకమని చప్పుడు, సన్నగా కాలిన వాసన, నేల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఒక మనిషి. నేను ఎక్కువసేపు వెనకే నిలబడేవాణ్ణి. రాగి ముక్క ఒకటి ఊడిందంటే చేప తోక ఆగిపోయేది. అప్పుడాయన బీడీ పక్కన పెట్టి, సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చించి అతికించేవాడు. చేప మళ్ళీ కదిలేది.

కరెంటు ఎక్కడినుంచి? దుకాణాల నుంచి. ఏ దుకాణం ముందు ఏ పలక పెడతారో దానికి తీగ ఆ దుకాణం లోపలి నుంచే. అందుకని పలకల కేటాయింపులో పెద్ద రాజకీయం నడిచేది. మిఠాయికొట్టు ముందు చేప పెడితే ఊరుకోడు. బూట్లకొట్టు ముందు దేవుడి బొమ్మ పెట్టకూడదు. గవాస్కర్ కోసం ఇద్దరు కొట్లాడుకుంటే, చివరికి ఇద్దరి మధ్యలో కరెంటు స్తంభానికి కట్టారు. బిల్లు చెరిసగం.

పందిళ్ళ వెదురు పనివాళ్ళు, మొహర్రానికి తాజియాలు కట్టే పనివాళ్ళు ఒకరినొకరు ఎరుగుదురు. వెదురు చీల్చడం, బద్దలు వంచడం, మేకు లేకుండా తాడుతో బిగించడం రెండుచోట్లా ఒకే విద్య. అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోగొట్టుకుని 1856లో వచ్చి మా పక్కనే మఠియాబురుజులో ఉన్నాడు. 1887లో పోయి అక్కడే సిబ్తైనాబాద్ ఇమామ్‌బాడాలో పడుకున్నాడు. ఆయన వెంట వచ్చిన లక్నో వాళ్ళ వారసులు, దర్జీలు, ఆ వైపు వీధులన్నీ నింపేశారు. చాంద్రమాసాల లెక్కన మొహర్రం జరుగుతూ వచ్చి కొన్నేళ్ళు పూజకి దగ్గరగా పడేది. అప్పుడు ఊరేగింపు దారిలో మా కమాను అడ్డమవుతుందని ముందే కబురొచ్చేది. తాజియా ఎంత ఎత్తో కొలిచి, కమాను అంతకంటే జానెడు పైకి కట్టేవాళ్ళు. ఇది సామరస్యం అని ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. వెదురు ఎంత కావాలన్న లెక్క అది. ఖిదిర్‌పూర్‌లోనే మున్షీగంజ్‌లో ఫైవ్ స్టార్ క్లబ్ పూజ హిందువులూ ముస్లింలూ కలిసి నడుపుతారు. బయటి పత్రికలకి అది ఏటా వార్త. ఆ వీధివాళ్ళకి ఏటా పని.

ఆ రోజుల పందిళ్ళు అందంగా ఉండేవంటే అబద్ధమే. ఎక్కువభాగం నాసిరకం. ఏ ఊరి గుడి ఫొటో క్యాలెండరులో కనబడితే దాన్ని గుడ్డతో కట్టేసేవాళ్ళు. ఒక ఏడు మా మద్రాసీల మీద అభిమానంతో మదురై గోపురం కట్టారు. గోపురం మీద బొమ్మలన్నిటికీ ముఖాలు బెంగాలీ జమీందార్లవి. మా వాళ్ళు చూసి కడుపుబ్బ నవ్వి, ఆ ఏడు మాత్రం చందా కాస్త ఎక్కువే రాయించారు.

బలవంతం కూడా ఉండేది. ఆ మాట దాచిపెట్టి జ్ఞాపకాలు రాయకూడదు. అన్ని క్లబ్బుల్లోనూ మా పెద్దాయన లాంటివాడు లేడు. ముక్కుపిండి వసూలు చేసేవాళ్ళూ ఉన్నారు. తక్కువిచ్చిన చిన్నకొట్టు ముందు రాత్రిపూట చెత్త పోసినవాళ్ళున్నారు. ఇయ్యలేనివాడు ఆ వారం కొట్టు మూసుకుని ఊరికి పోయేవాడు. చందా జులుం అని బెంగాలీ పత్రికల్లో ఏటా పూజకి ముందు వార్తలొచ్చేవి. పెద్ద కంపెనీలు బ్యానరు కట్టి డబ్బిస్తామని వచ్చిననాడు చిన్న దుకాణదారులు ఊపిరి పీల్చుకున్నారంటే వాళ్ళని తప్పుపట్టలేం.

మార్పు ఒక్కరోజులో రాలేదు. 1985లో ఏషియన్ పెయింట్స్ వాళ్ళు శారద సమ్మాన్ అని మంచి పూజలకి బహుమతులు పెట్టారు. పందేనికి దిగాక ప్రతి క్లబ్బూ బుర్ర పెట్టడం మొదలెట్టింది. ఆర్టు కాలేజీల్లో చదివినవాళ్ళని పిలిచారు. 2001లో బోస్‌పుకుర్ శీతలా మందిర్ దగ్గర బంధన్ రాహా మట్టి టీ కప్పులతో పందిరి కడితే ఊరు ఊరంతా విరగబడి చూసింది. దాంతో థీమ్ పూజల కాలం ఊపందుకుంది. డెకరేటరు పోయి ఆర్టిస్టు వచ్చాడు. కుచ్చెళ్ళ గుడ్డ పోయి జనపనార, ఇనుము, గాజు, పాత పుస్తకాలు, ప్రెషర్ కుక్కర్లు, ఏది పడితే అది కళ అయింది. నిజంగా గొప్ప పని చేశారు, చేస్తున్నారు. బేహాలాలో సనాతన్ దిందా లాంటి చిత్రకారులు పూజ లేనప్పుడు కూడా సందులనే గ్యాలరీలు చేసి ఆర్ట్ ఫెస్ట్ పెట్టారు. ఇళ్ళ గోడలు ఇచ్చింది ఇళ్ళవాళ్ళే. ఖిదిర్‌పూర్‌లో 25 పల్లి, 74 పల్లి, కవితీర్థ పందిళ్ళ ముందు ఇప్పుడు నిలబడితే వెనక తోసేవాళ్ళ దెబ్బకి కాళ్ళు నేలకానవు. 2021 డిసెంబరు 15న యునెస్కో కోల్‌కతా దుర్గాపూజని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ళు 2019 పూజ మీద చేయించిన లెక్క ఒకటుంది. మొత్తం వ్యాపారం 32,377 కోట్లు. అందులో 27,364 కోట్లు చిల్లర దుకాణాల అమ్మకాలే. పందిళ్ళ మీద పెట్టింది 860 కోట్లు. అంటే పందిరి మీద ఒక రూపాయి పడితే దుకాణం గల్లాలో ముప్ఫై పైచిలుకు పడుతున్నాయి. ఆ లెక్క చూస్తే దుకాణదారుల్ని చందా అడగడానికి మనం ఎందుకంత మొహమాటపడ్డామా అనిపించింది. ఇప్పుడు అడగక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2018లో క్లబ్బుకి 10,000 చొప్పున ఇవ్వడం మొదలెట్టి, 2025 నాటికి 1,10,000 చేసింది. కమాను మీద సిమెంటు, వంటనూనె, సెల్‌ఫోను. ఫ్లెక్సు మీద అచ్చు. సున్నం దారం అక్కర్లేదు.

నా మటుకు నాకు పోయింది అడగడమే అనిపిస్తుంది. పందిరిని చూడటానికి దుకాణదారూ వస్తాడు, ఇంటివాళ్ళూ వస్తారు, పక్కపక్కన నిలబడి సెల్లులో ఫొటో తీసుకుంటారు. ఒకరి గడప ఒకరు ఎక్కింది లేదు. ఆ వంకర టింకర పందిరి, మూడో కన్నులేని రసీదు, జమీందారు ముఖాల గోపురం ఏవీ వాటంతటవి ఎవర్నీ కలపలేదు. వాటికోసం ప్రతి ఏడూ గుమ్మం ముందు నిలబడి, టీ తాగి, మాట పడి, లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది, అందుకని కలిశాం. బొమ్మ ఏటా నీళ్ళలో కలిసేది కాబట్టి ఏటా మళ్ళీ అడగాల్సి వచ్చేది. రాతి విగ్రహమైతే ఒక్కసారితో సరి.

మనవైపు ఇంకో దారి పట్టింది. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగు. సింగరి శంకరయ్య పెట్టింది. ఇప్పుడు దాన్ని చూడాలంటే మెడలు నొప్పెడతాయి. చందా అడగడం బాలాపూర్‌లో లడ్డూ వేలంపాట అయింది. 1994లో 450 రూపాయలకి పోయిన లడ్డూ 2024లో 30 లక్షల పైన పలికింది. ఆ డబ్బు ఊరి పనులకే పెడతారు, మంచిదే. పైగా ఎవరెంత ఇచ్చారో మైకులో అందరికీ తెలుస్తుంది. మా మార్వాడీ సేటు ఉంటే అక్కడ సంతోషంగా పాడేవాడు, పక్కవాడికంటే ఒక్క రూపాయి ఎక్కువకి. అయిదు రూపాయల మా పిన్నిగారికి మాత్రం ఆ పాటలో చోటు లేదు.

మాకు మైకు లేదు, గోడ ఉండేది. దశమి నాడు దోయిఘాట్‌లో నిమజ్జనం చేసి, లక్ష్మీపూజ కూడా వెళ్ళాక, క్లబ్బు గోడకి జమాఖర్చుల కాగితం అంటించేవాళ్ళు. ఎవరెంత, దేనికెంత, పైసలతో సహా. జనం పందిరిని చూసినదానికంటే దాన్నే ఎక్కువసేపు చూసేవాళ్ళు. ఆ రాత్రి మీటింగు. జెనరేటరు డీజిలు ఇంతెందుకైంది, ఢాకీలకి పంచెలు ఎవరు కొన్నారు, మిగిలిన బియ్యం ఏ ఇంటికి పోయింది? ఓడ సరుకుల కొట్టువాడు తన బస్తా కాగితంలో ఎక్కలేదని అలిగేవాడు. బట్టల కొట్టాయన తన పేరు ఎక్కిందని అలిగేవాడు. మాటా మాటా పెరిగి అర్ధరాత్రయ్యేసరికి కోశాధికారి దర్జీ టేపు మెళ్ళోంచి తీసి బల్ల మీద కొట్టి, "ఇంకొకణ్ణి చూసుకోండి, నా వల్ల కాదు" అని రాజీనామా చేసేవాడు. ఏటా చేసేవాడు. మిగిలిన రసీదు పుస్తకాలు మాత్రం ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు, కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాడు. మళ్ళీ రథయాత్ర నాడు కుమార్‌టూలీలో బొమ్మలకి కొయ్య చట్రం పూజ చేస్తున్నారని తెలియగానే, మమ్మల్ని కేకేసి, ఆ సొరుగు తెరిచి, పోయినేటి సంవత్సరం అంకె మీద అడ్డగీత కొట్టి కొత్తది రాయమనేవాడు. కొత్త పుస్తకాలు అచ్చేయిస్తే దండగ అనేవాడు.